సైనిక వాహనంలో కంప్యూటర్: రెడీమేడ్ బోర్డు, మాడ్యూలు, పూర్తి సొంత డిజైన్... ఏది మేలు?

వాహనంలో కెమెరా దృశ్యాలు, మ్యాపు, రేడియో సందేశాలు ఒకే తెర మీద చూపించే చిన్న కంప్యూటర్ కావాలి, ప్రోటోటైప్ కొద్ది నెలల్లో చూపించాలి. అందుకు మూడు దారులున్నాయి. బజార్లో దొరికే సింగిల్ బోర్డు కంప్యూటర్‌ని గట్టి పెట్టెలో బిగించడం మొదటిది. ప్రాసెసర్, మెమరీ ముందే అమర్చి ఉన్న చిన్న బోర్డుని, అంటే ఇండస్ట్రియల్ కంప్యూట్ మాడ్యూల్‌ని కొని, అది కూర్చునే, కరెంటూ కనెక్టర్లూ ఉండే క్యారియర్ బోర్డు మాత్రం సొంతంగా గీసుకోవడం రెండోది. ప్రాసెసర్, మెమరీతో సహా అన్నీ మనమే డిజైన్ చేయడం మూడోది.

మూడోదాని గురించి ఎక్కువ చెప్పనక్కర్లేదు. వేగంగా పనిచేసే డీడీఆర్ మెమరీకి బోర్డు మీద గీసే తీగల దారిలో (రూటింగ్) చిన్న తేడా వచ్చినా బోర్డు మళ్లీ తయారీకి, అంటే ఫ్యాబ్‌కి పంపాలి, ప్రతిసారీ వారాలు పోతాయి. రక్షణ శాఖ స్టార్టప్‌లకిచ్చే ఐడెక్స్ స్పార్క్ గ్రాంటు 1.5 కోట్ల వరకు వస్తుంది, దానికి సమానమైన వాటా కంపెనీ పెట్టుకోవాలి. ఆ డబ్బుతో ఈ దారి పట్టడం సాహసమే. వేల సంఖ్యలో ఆర్డరు ఖాయమైతేనో, ఉన్న జాగాలో మాడ్యూల్ పట్టకపోతేనో తప్ప దీని జోలికి పోవద్దు.

అసలు పోటీ మొదటి రెండింటి మధ్యే.

ముందు కరెంటు సంగతి. వాహనంలో 28 వోల్టులని రాసి ఉన్నా, ఇంజన్ స్టార్ట్ చేసినప్పుడు అది 6 దాకా పడిపోవచ్చు. మరోవైపు, వాహనాల కరెంటుకి అమెరికా సైన్యం పెట్టిన ప్రమాణం మిల్-ఎస్‌టీడీ-1275డీ లెక్క ప్రకారం 50 మిల్లీసెకన్ల పాటు 100 వోల్టుల సర్జ్‌ని (వోల్టేజి ఉప్పెనని) కూడా తట్టుకోవాలి. రెడీమేడ్ బోర్డుకి 5 వోల్టులిచ్చే బజారు కన్వర్టర్లు చాలావరకు 36 వోల్టుల దగ్గరే ఆగిపోతాయి. ముందు ఒక టీవీఎస్ డయోడ్ (ఎక్కువైన వోల్టేజిని తన మీదకు తీసుకునే భాగం) వేసేస్తే సరిపోతుందని చాలామంది అనుకుంటారు. 1500 వాట్ల టీవీఎస్ అంటే ఆ రేటింగ్ ఒక మిల్లీసెకను స్థాయి పల్స్‌కి ఇచ్చింది. 50 మిల్లీసెకన్ల సర్జ్‌కి అది కాలిపోతుంది. ఇక్కడ కావలసింది 150 వోల్టుల మాస్‌ఫెట్‌తో (ఎలక్ట్రానిక్ స్విచ్‌తో) నడుస్తూ సర్జ్‌ని బోర్డు దాకా రానివ్వని సర్జ్ స్టాపర్. టీవీఎస్ దాని ముందు, క్షణికమైన స్పైకుల కోసం మాత్రమే. క్యారియర్ బోర్డు మనదైతే ఇది అందులోనే పడుతుంది. రెడీమేడ్ దారిలో ఇంకో చిన్న బోర్డు, ఇంకో వైరింగు, ఊడిపోయే ఇంకో కనెక్టరు తప్పవు.

వేడి దగ్గర తేడా ఇంకా స్పష్టం. 2016 మేలో రాజస్థాన్‌లోని ఫలోదీలో 51 డిగ్రీలు నమోదయింది. అలాంటి ఎండలో నిలిపిన వాహనం లోపల 60 అనుకుందాం. సీలు వేసిన అల్యూమినియం పెట్టె నుంచి గాలికి వాటుకు 1.5 డిగ్రీలు, చిప్ నుంచి పెట్టె గోడకు వాటుకు 1 డిగ్రీ అయితే, 10 వాట్లకు గోడ 75, చిప్ 85. రాస్‌బెరీ పై 4 అయితే 80 దగ్గరే వేగం తగ్గించుకోవడం మొదలుపెడుతుంది. దాని తయారీదారు ఒప్పుకునే పరిసర ఉష్ణోగ్రత 0 నుంచి 50 వరకే. లద్దాఖ్ చలికీ అది పనికిరాదు. ఇండస్ట్రియల్ మాడ్యూళ్లు మైనస్ 40 నుంచి 85 వరకు దొరుకుతాయి. పైగా వాటి హీట్ స్ప్రెడర్ (వేడిని పరిచే లోహపు పలక) చదునుగా ఉండి నేరుగా పెట్టె గోడకు ఆనుతుంది. మధ్యలో వేడిని దాటించే థర్మల్ ప్యాడ్ మందం చూసుకోవాలి. మరీ మందమైనది, గట్టిది పెట్టి స్క్రూలు బిగిస్తే బోర్డు వంగి సోల్డరు పగుళ్లిస్తుంది.

పెట్టె విషయంలో రెండు దారులకూ కష్టం ఒకటే. కొలతలు సరిచూడటానికి త్రీడీ ప్రింట్ చాలు, కానీ ప్లాస్టిక్ విద్యుదయస్కాంత తరంగాల్ని ఆపదు కాబట్టి, పరికరం నుంచి అవి ఎంత కారుతున్నాయో, బయటివాటిని ఎంత తట్టుకుంటుందో చూసే మిల్-ఎస్‌టీడీ-461 పరీక్షకు దాన్ని తీసుకెళ్లడం దండగ. 6061 రకం అల్యూమినియంలో సీఎన్‌సీ మిషను మీద కోయించాక పెట్టె మొత్తానికి అనోడైజింగ్ (తుప్పు పట్టకుండా పైన ఆక్సైడు పొర) చేయించడం మామూలుగా జరిగే పొరపాటు. అనోడైజ్ పొర కరెంటు పారనివ్వదు. మూత సందులో ఎంత ఖరీదైన కండక్టివ్ (కరెంటు పారే) గ్యాస్కెట్ వేసినా మూతకీ పెట్టెకీ మధ్య కనెక్షన్ ఉండదు, ఆ సందులోంచే సిగ్నల్ బయటికి కారుతుంది. గ్యాస్కెట్ కూర్చునే అంచుల్ని మాస్క్ చేయించి, అక్కడ కరెంటు పారనిచ్చే క్రోమేట్ కన్వర్షన్ కోటింగ్ వేయించాలి. మల్టీమీటరు ఒక ముల్లు ఆ అంచు మీద, రెండోది మూత మీద ఆనిస్తే దాదాపు సున్నా ఓములు చూపాలి. ఇది ల్యాబుకి వెళ్లకముందే, వర్క్‌షాప్‌లోనే చూసుకోండి. విశాఖలోని సమీర్ (కేంద్ర ప్రభుత్వ పరిశోధన సంస్థ) లాంటి కేంద్రాల్లో పరీక్ష గది, అంటే ఛాంబర్ స్లాటు దొరికాక ఇది బయటపడితే ఆ రోజు పోయినట్టే.

నీళ్లు పోకుండా సీలు వేశాం కదా అని తేమను మరిచిపోకూడదు. పగలు వేడెక్కి రాత్రి చల్లబడే పెట్టె సన్న సందుల్లోంచి గాలిని లోపలికి పీలుస్తుంది, లోపల నీరు చెమ్మ కడుతుంది. గాలిని పోనిచ్చి నీటిని ఆపే మెంబ్రేన్ వెంట్ ఒకటి బిగించి, బోర్డుకి తేమ తగలకుండా కాన్ఫార్మల్ కోటింగ్ అనే పల్చటి పూత వేయాలి. రెడీమేడ్ బోర్డులో యూఎస్‌బీ, హెచ్‌డీఎంఐ సాకెట్లు ఉంటాయి. వాటిలోకి కోటింగ్ దూరితే కాంటాక్టు పోతుంది, దూరకపోయినా వైబ్రేషన్‌కి ప్లగ్గు వదులవుతుంది. ఎస్‌డీ కార్డుదీ ఇదే గతి. సొంత క్యారియర్ మీదైతే ఈ సాకెట్లు తీసేసి, స్క్రూతో బిగిసే ఎం12 కనెక్టర్లూ బోర్డుకే సోల్డరు చేసి ఉండే ఈఎంఎంసీ స్టోరేజీ పెట్టుకోవచ్చు. ఏ దారైనా రూట్ ఫైల్ సిస్టమ్ (ఆపరేటింగ్ సిస్టమ్ ఫైళ్లుండే చోటు) రీడ్-ఓన్లీగా ఉండాలి, లేదంటే రాస్తుండగా కరెంటు పోతే ఫైళ్లు చెడతాయి. వాహనం నడిపేవాడు ఎవర్నీ అడక్కుండానే మెయిన్ స్విచ్ ఆపేస్తాడు.

దీర్ఘకాలపు లెక్కలోనూ మాడ్యూలే గెలుస్తుంది. వాహనం 20 ఏళ్లు తిరుగుతుంది, బజారు బోర్డు అన్నాళ్లు దొరకదు. 82×50 మిల్లీమీటర్ల స్మార్క్ మాడ్యూల్ ఏ కంపెనీ అయినా వాడుకోగల బహిరంగ ప్రమాణం, 314 పిన్నుల అదే సాకెట్లో రేపు ఇంకో కంపెనీ మాడ్యూల్ పెట్టుకోవచ్చు. అయితే ప్రమాణంలో ఐచ్ఛికమైన పిన్నులు కొన్ని ఉంటాయి, వాటి మీద ఆధారపడ్డామా ఆ స్వేచ్ఛ పోతుంది. మాడ్యూల్ మీది విడిభాగాలు ఏ దేశానివో తయారీదారు దగ్గర రాతపూర్వకంగా తీసుకోండి. చైనా విడిభాగాల కారణంగా సైన్యం 2025లో 400 డ్రోన్ల కాంట్రాక్టులనే రద్దు చేసుకుంది.

అందుకే నా ఓటు రెండో దారికే. రెడీమేడ్ బోర్డుకీ ఒక పాత్ర ఉంది: క్యారియర్ ఫ్యాబ్‌లో ఉన్న వారాల్లో సాఫ్ట్‌వేర్ రాయడానికి, జవాన్ల చేతికిచ్చి బటన్లు గ్లవ్స్‌తో అందుతున్నాయో లేదో, తెర ఎండలో కనబడుతోందో లేదో చూడటానికి. అందుకని మాడ్యూల్ మీద ఏ ప్రాసెసర్ ఉంటుందో అదే కుటుంబపు బోర్డు కొనండి, లేదంటే హార్డ్‌వేర్‌ని నడిపే సాఫ్ట్‌వేర్ డ్రైవర్లన్నీ మళ్లీ రాయాలి. క్యారియర్ మొదటి విడతలో ఐదు బోర్డులు చేయించండి: ఒకటి సర్జ్ పరీక్షలో కాల్చడానికి, ఒకటి వైబ్రేషన్ టేబుల్‌కి, ఒకటి విద్యుదయస్కాంత జోక్యం (ఈఎంఐ) పరీక్షించే ఛాంబర్‌కి, ఒకటి సాఫ్ట్‌వేర్ వాళ్లకి, ఒకటి ఎవరూ ముట్టుకోకుండా పోల్చి చూసుకోవడానికి.