తుప్పు హెరాల్డ్, ఆటోనగర్‌లో బోర్డు లేని షెడ్డు: ఐదుకి నాలుగు

ముందే చెప్పేస్తున్నా, నా పాత కారు బాగుచేసిన పని బ్రహ్మాండం, మాట మీద నిలబడటం సున్నా. ఆరు నెలల్లో ఇస్తానన్నారు, పధ్నాలుగు పట్టింది. అయినా మళ్లీ ఇలాంటి పాత బండి దొరికితే (మా ఆవిడ ఈ లైను చదవకుండా ఉంటే బావుణ్ణు) గాజువాక ఆటోనగర్‌లో ఆ షెడ్డుకే తోలుకెళ్తా.

బండి మా మావయ్యది, స్టాండర్డ్ హెరాల్డ్. ఇంగ్లండ్‌లో ట్రయంఫ్ హెరాల్డ్‌గా వచ్చిన కారే, 1961 నుంచి మద్రాసులో తయారయ్యేది. దీని టాప్ బోల్టులతో బిగించి ఉంటుంది, మావయ్య అప్పట్లోనే అది విప్పించేసి కాన్వాస్ హుడ్ వేయించుకున్నాడు. తర్వాత భీమిలి ఇంట్లో, సముద్రానికి నాలుగు వీధుల ఇవతల, టార్పాలిన్ కింద ఇరవై ఏళ్లు పడుంది. ఈ ఊరివాళ్లకి నేను చెప్పక్కర్లేదు, ఇక్కడ ఉప్పుగాలికి కిటికీ చువ్వలే ఆగవు.

మొదట వేరే చోట ఇచ్చి మోసపోయాను. మూడు నెలల్లో ఎర్రగా తళతళలాడించి ఇచ్చారు, మొదటి వానాకాలం వెళ్లేసరికి డోర్ల కింద పెయింటు బొబ్బలెక్కింది. అప్పుడు ఈ మేస్త్రి దగ్గరికి వెళ్లాను. పెద్దాయన, మాట తక్కువ. పాత స్పీకర్‌లోంచి పీకిన అయస్కాంతం ఒకటి జేబులో పెట్టుకుని తిరుగుతాడు. దాన్ని బానెట్ మీద పెడితే టక్కున అతుక్కుంది, డోరు కింద పెడితే జారి కిందపడింది. ఇంకో జానెడు పక్కన పెట్టాడు, అక్కడా పడింది. కన్నాలు పూడ్చే పుట్టీ ముద్దకి అయస్కాంతం అతుక్కోదు మరి. "ఏటి బాబూ, ఇది రేకా పుట్టీయా" అని స్క్రూడ్రైవర్‌తో పొడిస్తే పిడి దాకా దిగిపోయింది.

ఓపెన్ బండికి పైన టాప్ పట్టు ఉండదు కాబట్టి కింద కోసేముందు రెండు డోర్ల ఖాళీల్లోనూ అడ్డంగా ఇనుప పైపులు వెల్డ్ చేసి, బాడీ కుంగకుండా కట్టేశాడు. ఈ పని చేయకుండా కోస్తే తర్వాత డోర్లు పడవట. హెరాల్డ్‌కి చాసిస్ (కింది ఇనుప చట్రం) వేరు, బాడీ వేరు కాబట్టి చాసిస్ నుంచి పక్కలకి వచ్చే చేతులు తుప్పు పట్టినవన్నీ కోసి కొత్తవి చేశాడు, డిక్కీ ఫ్లోరు మొత్తం కొత్త రేకు. ప్రతి దశా ఫోటోలు తీసి పంపాడు, అడగకుండానే. కోసిన తుప్పు ముక్కలు గోనెసంచిలో పెట్టి మరీ చూపించాడు.

ఇంజిన్ విషయంలో మాత్రం గొడవపడ్డాం. నాకు మారుతి జిప్సీ 1300 ఇంజిన్ వేయించాలని కోరిక. ఆయన ససేమిరా అన్నాడు. ఆర్టీఏ అనుమతి లేకుండా ఇంజిన్ మారిస్తే ఆర్సీ చిక్కు ఒకటి, దాన్ని మించి ఈ బండికి వెనక స్వింగ్ ఆక్సిల్ (చక్రంతో పాటే పైకీ కిందికీ ఊగే ఇరుసు), ముందు డ్రమ్ బ్రేకులు, అంత బలం ఇస్తే మలుపులో వెనక చక్రం లోపలికి మడుచుకుంటుంది అన్నాడు. ఉన్న 948 సీసీ ఇంజిన్‌నే లేపుదాం, ఇంగ్లండ్‌లో కన్వర్టిబుల్‌కి (టాప్ తెరుచుకునే రకానికి) కంపెనీవాళ్లే రెండు ఎస్‌యూ కార్బురేటర్లు (పెట్రోల్లో గాలి కలిపి ఇంజిన్‌కి పంపేవి) పెట్టి ఇచ్చారు కదా అన్నాడు. నాకా సంగతే తెలీదు! ఆ జత ఇంగ్లండ్ నుంచి తెప్పించడానికి, కస్టమ్స్‌తో కలిపి, నా నెల జీతం పోయింది.

అరిగిన ఇంజిన్ సిలిండర్లు తొలిపించి (బోరింగ్) ఓవర్‌సైజు పిస్టన్లు వేశాడు. పాత హెడ్లు సీసం పెట్రోలుకి చేసినవి, మన దేశంలో అది 2000లోనే ఆగిపోయింది, సీసం లేకపోతే వాల్వు సీట్లు అరిగిపోతాయి, అందుకని ఎగ్జాస్ట్ వాల్వులకి గట్టి సీట్లు కొట్టించాడు. ఇప్పటి ఇథనాల్ పెట్రోలు తింటుందని రబ్బరు పైపులన్నీ మార్చాడు. నిప్పురవ్వ పుట్టించే పాత పాయింట్ల బదులు ఎలక్ట్రానిక్ ఇగ్నిషన్, డైనమో తీసేసి మారుతి 800 ఆల్టర్నేటర్. రెండు కార్బురేటర్లనీ ఒకే తీరుకి తెచ్చే రోజు నేను అక్కడే ఉన్నా. హెరాల్డ్ బానెట్ మొత్తం ముందుకి వాలిపోతుంది, ఆయన ముందు టైరు మీద కూర్చుని రబ్బరు గొట్టం ఒక కొస చెవిలో, రెండో కొస ఒక కార్బురేటర్ మూతి దగ్గర, తర్వాత రెండోదాని దగ్గర, ఆ బుస రెండిట్లో ఒకేలా వినబడేదాకా స్క్రూ పావు చుట్టు, అర చుట్టు. రెండు గంటలు. టీ చల్లారిపోయింది.

ఫలితం? సింహాచలం కొండ రోడ్డు ఇదివరకు రెండో గేరులో మూలిగేది, ఇప్పుడు మూడులో ఎక్కేస్తోంది. వేడెక్కడం లేదు.

మైనస్‌లు: ఫోన్ ఎత్తడు. పండగలకి షెడ్డు వారం మూత. హుడ్ కుట్టడం బయటవాళ్లకి ఇచ్చాడు, అదే దెబ్బతీసింది, వానొస్తే డ్రైవర్ మోకాలి మీద సరిగ్గా ఒకచోట కారుతుంది. బాడీకి రెండు లక్షల అరవై వేలు, కార్బురేటర్లు కాక ఇంజిన్‌కి లక్షా నలభై. బేరం ఆడితే అయస్కాంతం తీసి బల్ల మీద పెడతాడు, అంతే.

డెలివరీ రోజు సంపత్ వినాయగర్ గుడికి వెళ్లకుండా తాళం ఇవ్వనన్నాడు. కొత్త కార్ల వరసలో మాదొక్కటే తాత బండి, పంతులుగారు నిమ్మకాయలు పెడుతూ "కొత్తదేనా?" అని అడిగితే మేస్త్రి నాకంటే ముందే "అవునండీ" అనేశాడు.