వానాకాలపు ఎరల పెట్టె: కప్పకు మంచి మార్కులు, మిగిలినవాటికి అంతంతమాత్రం

చేపల వేటకు ఆన్‌లైన్‌లో 1,150 రూపాయలకు తెప్పించుకున్న ఒక వానాకాలపు కృత్రిమ ఎరల పెట్టెను అక్టోబరు నుంచి డిసెంబరు దాకా నెల్లూరు చుట్టుపక్కల చెరువుల్లోనూ, మైపాడు దగ్గర బకింగ్‌హామ్ కాలువలోనూ వాడి చూసిన మీదట ఈ సమీక్ష రాస్తున్నాను. పెట్టెలో రెండు రబ్బరు కప్పలు, లాగితే రేకు తిరిగే ఒక స్పిన్నర్‌బైట్, నీటి మీద చప్పుడు చేసే ఒక పాపర్, సీసపు తల గాలాలు రెండు, వాటికి తగిలించే మెత్తని ప్లాస్టిక్ చేపలు నాలుగు ఉన్నాయి. మూత మీద బొమ్మ అమెరికా లార్జ్‌మౌత్ బాస్‌ది. ఆ చేప మన చెరువుల్లో దొరికేది కాదు. అయితే తూటికాడల చాటున పొంచి ఉండి ఒక్కసారిగా మీదపడే మన కొరమీను వేట తీరు దానికి చాలా దగ్గరగా ఉంటుంది. ఉప్పుకయ్యల్లో దొరికే మన పండుగప్పకైతే ఇంగ్లీషులో ఉన్న పేరే ఏషియన్ సీబాస్. అందువల్ల బాస్ కోసం చేసిన ఎర మన నీళ్లలో పనికిరాదని ముందే తీసిపారేయనక్కరలేదు.

మన జిల్లాకు అసలు వానలు ఈశాన్య రుతుపవనాలతోనే వస్తాయి కనుక, ఆ మూడు నెలల్లో చెరువు నీళ్లు టీ రంగుకు తిరుగుతాయి. అంత మురికిలో చేప ఎరను దూరం నుంచి చూడలేదు. ఒంటి పక్కల ఉన్న పార్శ్వరేఖతో నీటిలోని కదలికను పసిగట్టి దగ్గరికి వస్తుంది, చివరి జానెడు దూరంలోనే కన్ను పనిచేస్తుంది. కాబట్టి ఎరను ఎంచేటప్పుడు అది అచ్చం చేపలా ఉందా అని కాక, నీటిని ఎంత బలంగా కదుపుతుందో, మబ్బు పట్టిన ఆకాశం కింద దాని నీడ ఎంత నల్లగా కనిపిస్తుందో చూడాలి. ఈ పెట్టె తయారుచేసినవారు సగం ఎరలకు తళతళలాడే వెండి రంగు వేశారు, అది తేట నీళ్లకు, ఎండ కాసే రోజులకు తగిన రంగు. వానాకాలం అని పేరు పెట్టి ఈ రంగులు పెట్టడం నాకు నచ్చలేదు.

రబ్బరు కప్పల్లో ఒకటి నల్లనిది కావడం మా అదృష్టం. దాని రెండు గాలాలు వీపుకు ఆనుకొని పైకి తిరిగి ఉంటాయి కనుక, గుర్రపుడెక్క మీద, తామరాకుల మీద లాగినా ఎక్కడా తగులుకోలేదు. చిరుజల్లు పడుతున్న ఒక సాయంత్రం, కలుజు పొర్లుతున్న చెరువులో, గడ్డి మధ్య పళ్లెం వెడల్పు ఖాళీలోకి దాన్ని లాగి ఒక్క క్షణం ఆపాను. గుబుక్కుమని చప్పుడైంది, నీటి మీద సుడి మాత్రం మిగిలింది. నేను తొందరపడి కర్ర ఎత్తేశాను. కప్ప ఒక కాలు పోగొట్టుకొని ఖాళీగా తిరిగివచ్చింది. తప్పు ఎరది కాదు, నాది: కొరమీను నోట పట్టిన ఎరను అటు తిప్పి మింగేదాకా, అంటే చేతికి బరువు తెలిసేదాకా ఆగి, అప్పుడు గట్టిగా లాగాలి. మరుసటి వారం అలా ఆగితే కిలోంబావు చేప ఒడ్డుకు వచ్చింది, ఆ రాత్రి మామిడికాయ పులుసయింది. ఈ కప్పకు ఉన్న లోపమల్లా, గాలం దూరే చోట నీరు ఊరి నాలుగైదు విసుర్లకు బరువెక్కడం. పొట్ట పిండి నీరు వదిలితే మళ్లీ తేలుతుంది.

వాన జోరందుకుంటే మాత్రం కప్పను తీసి పెట్టెలో పెట్టాలి. నీటి మీద చినుకుల మోతలో దాని అలికిడి కలిసిపోతుంది. అప్పుడు స్పిన్నర్‌బైట్ వంతు. దాని రేకు తిరుగుతుంటే కర్ర పిడి దాకా వణుకు తెలుస్తుంది, అది తెలిసేంత నెమ్మదిగా చుట్టడమే సరైన వేగం. వాన వెలిసిన వెంటనే వాగు చెరువులో పడే చోట, వానపాములూ పురుగులూ కొట్టుకొచ్చే ఆ ఎర్రనీటి అంచు వెంట విసిరితే రెండు కొరమీలు పడ్డాయి. ఆ అంచునే, నీటి మీద తేలే ఎర్రటి కొరమీను పిల్లల గుంపు కనిపిస్తే కర్ర దించేయండి. కింద తల్లిదండ్రులు కాపలా ఉంటాయి, దేన్ని విసిరినా కసితో కరుస్తాయి, వాటిని పట్టడం వేట కాదు. చెరువులు చాలావరకు మత్స్యకార సంఘాల లీజులో ఉంటాయి కనుక అడిగి దిగడం కూడా మర్యాద.

పాపర్ గురించి రాయడానికి ఏమీ లేదు. మూడు నెలల్లో దాన్ని ఒక్క చేపా పట్టించుకోలేదు.

మెత్తని చేపలను కాలువలో, పోటు తీసే వేళ, బురద నీరు తేట నీటిని కలిసే గీత మీద వాడాను. తోక కొట్టుకునే తీరు బాగుంది, అడుగును తాకిస్తూ నెమ్మదిగా లాగితే రెండో రోజే పండుగప్ప పట్టింది. గట్టి చేప, దాని మొప్పల మూత అంచు బ్లేడులా ఉంటుంది కనుక సన్నటి అల్లిక దారానికి ముందు మూరెడు మందపాటి నైలాన్ కట్టకపోతే తెగిపోతుంది. అయితే ఆ పెట్టెలోని సీసపు తల గాలాలు ఉప్పునీటికి పనికిరావు: ఇంటికి వచ్చి మంచినీళ్లతో కడిగి ఆరబెట్టినా వారానికే తుప్పు పట్టాయి. మెత్తని చేపలను మిగతా ఎరలతో కలిపి స్కూటరు డిక్కీలో వదిలేస్తే, అవి కరిగి స్పిన్నర్‌బైట్ రబ్బరు కుచ్చుకు అంటుకుపోయాయి. వాటిని వేరే సంచిలో ఉంచాలని పెట్టె మీద ఒక్క ముక్కయినా రాసి ఉండవలసింది.

ఉరుము వినపడితే కార్బన్ కర్ర పట్టుకొని కట్ట మీద నిలబడవద్దు, అది కరెంటును మోసే వస్తువు. ఎర ఎంత మంచిదైనా ఆ గంట ఇంట్లోనే గడపాలి.

అయిదుకు మూడు మార్కులు ఇస్తున్నాను. ఆ మూడూ కప్ప, స్పిన్నర్‌బైట్ సంపాదించినవే. ఈ ఏడాది పెట్టె కొనకుండా, రెండు నల్ల కప్పలూ, ఉప్పునీటికి తట్టుకునే నాలుగు గాలాలూ విడివిడిగా తెప్పించుకుంటున్నాను.