రోజూ పావుగంటా, ఆదివారం మూడు గంటలా?

కాలిగ్రఫీ సాధనకు ఏది మేలని ఈ నెలలో నన్ను నలుగురు అడిగారు. ఒకాయన పానగల్లు పచ్చల సోమేశ్వరాలయం దగ్గర, శాసనాలు చూస్తూ చూస్తూ అడిగారు. నల్లగొండ నుంచి మిర్యాలగూడకు రోజూ బస్సులో ఉద్యోగానికి వెళ్లి వచ్చేవాణ్ని. రెండు పద్ధతులూ చేసి చూశాను.

రెండేళ్లు ఆదివారాలే రాశాను. లెక్క ప్రకారం ఆదివారమే గెలవాలి: రోజూ పావుగంట రాస్తే ఆరు రోజులకు గంటన్నర, ఇక్కడ మూడు గంటలు. తలకట్టు దగ్గర ఈ లెక్క తప్పుతుంది. వెడల్పు పాళీని 45 డిగ్రీల కోణంలో పట్టుకుంటే కుడివైపు కిందికి దిగే చిన్న గీత లావుగా, పైకి లేచే గీత వెంట్రుకంత సన్నగా పడుతుంది. పాళీ అడ్డంగా వాలిందా, రెండూ ఒకే లావు. అక్షరం నెత్తిన కట్టెపుల్లలు పెట్టినట్టే. ఆదివారం నా మొదటి పేజీ నిండా ఆ పుల్లలే. ఆ కోణం చేతికి మళ్లీ చిక్కడానికి నలభై నిమిషాలు పట్టేది. చేయి కుదురుకునేసరికి కూరగాయల సంచి ఎదురుగా ఉండేది. మధ్యలో ఒక పెళ్లి తగిలితే పదిహేను రోజుల ఎడం. రోజూ రాసే చేతికైతే నిన్నటి కోణం ఇంకా గుర్తుంటుంది. నా మొగ్గు అందుకే అటు.

దానికి అడ్డం సమయం కాదు, సరంజామా. ముంచి రాసే పాళీ, సిరాబుడ్డి, నీళ్ల గిన్నె, గుడ్డ తీసి పెట్టి, మళ్లీ కడిగేసరికే పావుగంట గడిచిపోతుంది. సిరా లోపలే ఉండే ప్యారలల్ పెన్ను, 3.8 మిల్లీమీటర్ల వెడల్పు పాళీది, కొన్నాక ఆ బాధ తీరింది. అందులో ఇండియన్ ఇంకు మాత్రం పోయకండి, లోపల ఎండి గట్టిపడుతుంది. పాళీ వెడల్పుకు అయిదు రెట్లు, అంటే 19 మిల్లీమీటర్ల ఎడంతో గీతలు గీసిన కాగితం పల్చటి కాగితం కింద ఎప్పుడూ సిద్ధంగా ఉంటుంది. టీ మరిగేలోపు ఒక్క అక్షరమే: ఒక పూట 'న', మరో పూట 'ప'. నిద్ర చాలని రోజున 'జ', 'బ', 'ల'. వాటికి తలకట్టే లేదు కదా!

బస్సులో బ్రష్ పెన్ను సంగతి అడగకండి, గతుకులు మనకంటే ముందు రాసేస్తాయి. ట్యాబ్ తెర మీద పాళీకి కాగితం పట్టు తెలియదు.

ఆదివారాన్ని పూర్తిగా వదల్లేదు. పద్యం నాలుగు పాదాలూ ఒక కాగితంలో కూర్చడం పావుగంటలో అయ్యేది కాదు. పై పాదం వత్తులు కింది పాదం తలకట్లకు తగలకుండా ఎడం చూసుకోవాలి. మొన్న చెల్లెలి గృహప్రవేశానికి అలాగే రాశాను: అక్షరాలు వారమంతా పొయ్యి దగ్గర, కూర్పు ఆదివారం. అయినా మూడో పాదంలో 'లక్ష్మి' మ వత్తు కిందికి జారి నాలుగో పాదాన్ని తాకనే తాకింది. పటం ఇప్పుడు వాళ్ల హాల్లో ఉంది. వెళ్లినప్పుడల్లా దానికి ఎదురుగా కాకుండా పక్క కుర్చీలో కూర్చుంటున్నాను.