ఉస్మాన్‌గంజ్‌లో కొన్న యాసిడ్ స్లర్రీ, రెండేళ్ల వాడకం తర్వాత

నాచారంలో మా ఇంటి వెనక రేకుల షెడ్డులో గిన్నెలు తోమే లిక్విడ్ చేస్తాను. చుట్టుపక్కల హాస్టళ్లు, టిఫిన్ సెంటర్లు తీసుకుంటాయి. నెలకు 50 కిలోల యాసిడ్ స్లర్రీ డ్రమ్ము ఒకటి అయిపోతుంది. లిక్విడ్‌లో జిడ్డును వదిలించే అసలు సరుకు ఇదే. తేనె రంగులో, చిక్కగా, ఘాటుగా ఉంటుంది.

మొదట్లో ఇంటికి దగ్గర్లో ఉన్న దుకాణంలో కొనేదాన్ని. డ్రమ్ము మీద అసలు సరుకు 96 శాతం అని రాసి ఉండేది. ఆ లెక్కన 10 కిలోల స్లర్రీలోని ఆమ్లాన్ని తటస్థం చేయడానికి సుమారు కిలో 300 గ్రాముల కాస్టిక్ సోడా సరిపోవాలి. కిలోన్నర పోసినా పీహెచ్ పేపరు ఎర్రగానే ఉండేది, అంటే ఆమ్లం ఇంకా మిగిలే ఉంది. పొరపాటు నాదేననుకుని తూకం యంత్రం కూడా మార్చాను. డిసెంబరులో క్యాన్ల అడుగున తెల్లటి పలుకులు పేరుకున్నాయి. ఒక హాస్టల్ వాళ్లు 20 క్యాన్లు వెనక్కి పంపారు. ఆ వారం టెన్షన్‌తో నిద్ర పట్టలేదు.

ఎవరో చెబితే హైదరాబాద్‌లోని ఉస్మాన్‌గంజ్ మార్కెట్‌కు వెళ్లాను. లోపలి సందులో పాత కెమికల్ దుకాణం. గల్లా దగ్గర కూర్చున్న పెద్దాయన ధర చెప్పే ముందు, "ఏం చేస్తరమ్మా, పౌడరా లిక్విడా?" అని అడిగారు. లిక్విడ్ అన్నాను. "అయితే ఓలియం మాల్ వద్దు, ఎస్వోత్రీ మాల్ తీస్కోండి" అన్నారు. నా సమస్యంతా ఆ ఒక్క మాటలో తేలిపోయింది.

స్లర్రీ రెండు రకాలుగా తయారవుతుంది. ల్యాబ్ (లీనియర్ ఆల్కైల్ బెంజీన్) అనే నూనెను ఓలియంతో, అంటే సల్ఫర్ ట్రయాక్సైడ్ కరిగిన గాఢ గంధకామ్లంతో, కలిపి చేస్తే సరుకు 90 శాతం దగ్గర ఆగుతుంది, అందులో గంధకామ్లం ఐదారు శాతం మిగిలిపోతుంది. రెండో పద్ధతిలో ల్యాబ్‌ను గొట్టాల లోపలి గోడల మీద పలచటి పొరలా జారనిచ్చి, పొడి గాలిలో కలిపిన సల్ఫర్ ట్రయాక్సైడ్ (పెద్దాయన చెప్పిన ఎస్వోత్రీ) వాయువును పంపుతారు. బయటి నుంచి నీళ్లతో చల్లబరుస్తారు. ఇలా వచ్చిన సరుకు 96 శాతం ఉంటుంది, గంధకామ్లం ఒకటి ఒకటిన్నర శాతానికి మించదు. నేను కొన్నది మొదటి రకం అయి ఉండాలి. మిగిలిన గంధకామ్లం కూడా కాస్టిక్‌ను తినేస్తుంది, అందుకే 10 కిలోలకు కిలో 600 గ్రాములదాకా పడుతుంది. దాన్నుంచి పుట్టే సోడియం సల్ఫేట్ చలి పెరిగేకొద్దీ నీళ్లలో కరగదు. నా క్యాన్లలో పేరుకున్న పలుకులు అవే. పౌడర్ చేసేవాళ్లకు ఆ సల్ఫేట్‌తో పెద్ద ఇబ్బంది లేదు, వాళ్లు ఎలాగూ కలుపుతారు.

డిగ్రీలో కెమిస్ట్రీ చదివినా ల్యాబ్ కిరోసిన్ నుంచి వస్తుందని నాకు తెలియదు. మా అమ్మ రేషన్ షాపు ముందు క్యూలో నిలబడి తెచ్చిన కిరోసినే! అందులో 10 నుంచి 13 కార్బన్లున్న తిన్నటి గొలుసులను జియోలైట్ అనే సన్నటి రంధ్రాల ఖనిజం జల్లెడలా పట్టుకుంటుంది. కొమ్మలున్నవి, రింగులున్నవి రిఫైనరీకి తిరిగి వెళ్తాయి. ప్లాటినం ఉత్ప్రేరకం మీద ఆ గొలుసుల నుంచి రెండేసి హైడ్రోజన్లు తీసేసి బెంజీన్‌తో అతికిస్తారు. అతికించడానికి హైడ్రోఫ్లోరిక్ ఆమ్లం వాడతారు, 1990ల నుంచి ఘన ఉత్ప్రేరకంతో కూడా చేస్తున్నారు. మన దేశంలో చెన్నై పక్కన మనలిలో, గుజరాత్‌లో వడోదరలో ఈ ఫ్యాక్టరీలున్నాయి.

గొలుసు తిన్నగా ఉండటం నాకు చాలా ముఖ్యం. పూర్వం ప్రొపిలీన్‌తో చేసిన కొమ్మల గొలుసులను బ్యాక్టీరియా తినలేకపోయేది. అమెరికాలో, ఐరోపాలో నదులు నురగతో నిండాయి. 1960ల మధ్యలో అక్కడి కంపెనీలు తిన్నటి గొలుసుకు మారాయి. మన మార్కెట్లో దాన్ని సాఫ్ట్ స్లర్రీ అంటారు, కొమ్మలున్నది హార్డ్. మా కస్టమర్ల సింకుల నీళ్లు చివరికి మూసీలోకే పోతాయి కాబట్టి సాఫ్టే కావాలని బిల్లు మీద రాయించుకుంటాను. అది కూడా గాలి అందే నీళ్లలోనే బాగా కుళ్లుతుంది, బురదలో కాదు.

ఉస్మాన్‌గంజ్ నుంచి తెచ్చిన మొదటి డ్రమ్ములో 10 కిలోలకు కిలో 320 గ్రాముల కాస్టిక్ పట్టింది. రెండు చలికాలాలు గడిచాయి, క్యాన్ల అడుగున పలుకు కనబడలేదు. మా బోరు నీళ్లు బాగా గట్టివి, అందులోని కాల్షియం నురగను చంపుతుంది. కాబట్టి కాల్షియంను పట్టి ఉంచే ఈడీటీఏ అనే పొడి కొంచెం కూడా వాళ్ల దగ్గరే తీసుకుంటున్నాను.

ఇబ్బందులూ ఉన్నాయి. టెస్ట్ రిపోర్ట్ అడిగితేనే ఇస్తారు. ఒకసారి రిపోర్ట్ మీది బ్యాచ్ నంబరు డ్రమ్ము మీదిదానితో కలవలేదు. వెంటనే డ్రమ్ము మార్చారు, కానీ నేను చూడకపోతే అలాగే వచ్చేది. ధర నెలనెలా మారుతుంది, కిరోసిన్, బెంజీన్ రెండూ ముడిచమురు మీద ఆధారపడ్డవే. పొద్దున 11 దాటితే సందులో లారీలు దిగుతుంటాయి, ఆటో లోపలికి రాదు.

కొత్తగా కొనేవాళ్లకు ఒక మాట. చేతులకు గ్లవ్స్, కళ్లకు అద్దాలు లేకుండా మూత తీయకండి. నీళ్లలో కాస్టిక్ కరిగించి చల్లారాక, స్లర్రీని కొంచెం కొంచెంగా పోస్తూ కలపండి. ఒక్కసారిగా పోస్తే కుతకుతలాడి మీదికి చిందుతుంది. ఇనుప డబ్బాలో ఉంచితే నల్లబడుతుంది, ప్లాస్టిక్ డ్రమ్ములోనే ఉంచండి. ఇంటికి రాగానే అర కిలోతో కాస్టిక్ లెక్క చూసుకోండి, 65 గ్రాముల దగ్గర తటస్థం కావాలి. 80 దగ్గరికి వెళ్తే డ్రమ్ము తిరిగి పంపండి.