పసుపు పాంఫ్లెట్ డీఫార్మసీ వాళ్లతో జాగ్రత్త, నాకు 95 వేలకు టోపీ పెట్టారు

మెడికల్ షాపుల్లో పనిచేసే అన్నలూ తమ్ముళ్లూ, ఆ పసుపు పాంఫ్లెట్ మీ కౌంటర్ దగ్గరకూ వచ్చే ఉంటుంది. "ఒక్క ఏడాదిలో డీఫార్మసీ, క్లాసులకు రానక్కర్లేదు, ఏ గ్రూపైనా ఓకే." ఆ, వాళ్లే.

ఏడేళ్లుగా కౌంటర్లో ఉన్నా. ఏ డాక్టరు గీతలైనా చదివేస్తా. అచ్చేసిన కాగితం మాత్రం చదవలేకపోయా! డీఫార్మసీ అంటే ఫార్మసీ డిప్లొమా, రెండేళ్లు కాలేజీ. ఆ తర్వాత మూడు నెలలకు తగ్గకుండా 500 గంటల ట్రైనింగ్, అందులో 250 గంటలైనా ప్రిస్క్రిప్షన్ చూసి మందులివ్వాలి. ఇదంతా నాకు తెలుసు. తెలిసీ చిట్టీ ముందే పాడి డబ్బు కట్టా. సొంత షాపు ఆశ. ఫార్మసిస్ట్ లేనిదే లైసెన్స్ రాదు కదా.

మెమోలు వచ్చాయి, రెండేళ్లవీ ఒకే కవర్లో. ట్రైనింగ్ ఫారం మీద నేనెప్పుడూ చూడని ఊళ్లోని మెడికల్ హాల్ స్టాంపు. రోజుకు పన్నెండు గంటలు నిజంగా నిలబడేవాణ్ణి, నాకు 500 గంటలు ఎవడో దొంగ సంతకంతో దానం చేశాడు. సోమవారం ఫార్మసిస్టుగా రిజిస్ట్రేషన్ కోసం వెళ్తే, అక్కడి మేడమ్ ఫార్మసీ కౌన్సిల్ ఆఫ్ ఇండియా (పీసీఐ) ఆమోదించిన కాలేజీల లిస్టులో వెతికి కాగితాలు వెనక్కి తోశారు. "ఈ కాలేజీయే లేదు బాబూ. ఇవి పెట్టకు, కేసవుతుంది."

అక్కణ్ణించి నేరుగా డబ్బు కట్టిన సెంటర్‌కి. చేరేటప్పుడు "తమ్ముడూ" అంటూ టీ తెప్పించినాయన ఈసారి తలే ఎత్తలేదు. రసీదు బల్ల మీద పెట్టా. దాని మీద వేలు పెట్టి నాచేతే చదివించాడు. "గైడెన్స్ ఫీజు. ఇచ్చాం కదా గైడెన్సు." నిజమే, డీఫార్మసీ అన్న మాటే లేదు అందులో. ఏడాదిగా బీరువాలో దాచుకున్న వెధవని, ఒక్కసారి విప్పి చూడలేదు. గొంతు పెంచితే, కొత్తగా చేరడానికొచ్చిన ఓ కుర్రాడి ముందే అన్నాడు, "రెండేళ్లు కాలేజీకి పోవడానికి నీకు బద్ధకం. ఇప్పుడు నా మీద పడతావేం?"

ఆ ముక్కకి నా దగ్గర జవాబు లేదు. పోయిన డబ్బు కంటే అదే మండుతోంది. నాది బైపీసీయే, రెగ్యులర్‌లోనే చేరి ఉండొచ్చు. ఆ కుర్రాడి కోసం మెట్ల కింద ఆగి విషయం చెప్పా. అప్పటికే పదివేలు కట్టేశాడట.

డబ్బు కట్టేముందు కాలేజీ పేరు అడిగి, అది పీసీఐ లిస్టులో ఉందో లేదో చూసుకోండి. ఇంట్లో కూర్చుని చేసే డీఫార్మసీ ఎక్కడా లేదు. రేపు పోలీస్ స్టేషన్‌కి వెళ్తున్నా. "గైడెన్స్ ఫీజు" రసీదులున్నవాళ్లు ఎవరైనా ఉంటే తీసుకుని రండి. ఒక్కణ్ణే వెళ్తే ఆ మెమోలు నీకెక్కడివని ముందు నన్నే అడుగుతారు.