భుజాల మీద మేకపిల్ల: రోమ్, రవెన్నాల్లో మంచి కాపరిని చూసిన యాత్ర

కాపరి, గొర్రెలు, యాత్ర అనగానే మన విశ్వాసులకు ముందుగా గుర్తొచ్చేది బేత్లెహేము పక్కన బేత్ సాహూర్‌లో ఉన్న గొర్రెల కాపరుల పొలం. హోలీ ల్యాండ్ ప్యాకేజీల్లో అది తప్పకుండా ఉంటుంది. దేవదూత శుభవార్త చెప్పిన చోటుగా దాన్ని చూపిస్తారు, చూడదగ్గదే. కానీ యేసునే కాపరిగా తొలినాటి క్రైస్తవులు ఎలా ఊహించుకున్నారో కళ్ళారా చూడాలంటే మాత్రం ఇటలీ వెళ్ళాలి. మొదటి మూడు నాలుగు శతాబ్దాల్లో సిలువ మీద క్రీస్తు బొమ్మ దాదాపు కనిపించదు. ఆ కాలపు సమాధుల మీద, గోడల మీద మళ్ళీ మళ్ళీ కనిపించేది గొర్రెను భుజాన వేసుకున్న యువకుడే.

అమ్మ, నేను కలిసి వెళ్ళాం. అమ్మకు "యెహోవా నా కాపరి" అనే 23వ కీర్తన ప్రాణం. ఇలాంటి యాత్రకు వేరే గైడ్ పుస్తకం అవసరం లేదని నా అభిప్రాయం. ఆ కీర్తన, మంచి కాపరి మాటలున్న యోహాను సువార్త పదో అధ్యాయం, తప్పిపోయిన గొర్రె కథ ఉన్న లూకా పదిహేనో అధ్యాయం చదువుకుని వెళ్తే చాలు.

రోమ్‌లో మొదట చూడాల్సింది ప్రిస్కిల్లా సమాధి గుహలు. నగరానికి ఉత్తరాన సలారియా రోడ్డు మీద ఉంటాయి. టెర్మినీ స్టేషన్ నుంచి సిటీ బస్సులో వెళ్ళొచ్చు. చాలామంది అప్పియా రోడ్డు వైపు ఉన్న కలిస్తో గుహలకు వెళ్తారు, టూర్ బస్సులన్నీ అక్కడికే. అది పెద్దది, మూడో శతాబ్దపు పోప్‌ల సమాధి గది అక్కడే ఉంది, చరిత్ర మీద ఆసక్తి ఉంటే వదులుకోకూడదు. అయితే మా గ్రూపును తీసుకెళ్ళిన దారిలో కాపరి చిత్రం తగల్లేదు, జనం ఎక్కువ కావడంతో గైడ్ కూడా తొందరపెట్టారు. ప్రిస్కిల్లాలో గ్రూపు చిన్నది, ప్రశ్నలు అడిగే తీరిక దొరికింది. ఒక్కటే చూసే వీలుంటే ప్రిస్కిల్లాకే నా ఓటు.

లోపలికి గైడ్ లేకుండా పంపరు, ఫొటోలు తీయనివ్వరు. సోమవారం సెలవు. బయట ఎంత ఎండ ఉన్నా కింద చల్లగా, తేమగా ఉంటుంది, శాలువా తీసుకెళ్ళడం మంచిది. మెట్లు దిగడం, ఎక్కడం తప్పదు, లిఫ్ట్ లేదు. మోకాళ్ళ నొప్పులున్న అమ్మ గోడ పట్టుకుని నెమ్మదిగా దిగింది. గైడ్ ఎక్కడా విసుక్కోలేదు, అమ్మ అందుకునేదాకా ప్రతి మలుపులో మొత్తం గ్రూపును ఆపారు. ఆ సర్వీసుకు పది మార్కులకు పదీ ఇవ్వొచ్చు.

అక్కడ ముసుగు వేసుకున్న స్త్రీ గది అని ఒకటుంది. ఎదురుగా చేతులు పైకెత్తి ప్రార్థిస్తున్న స్త్రీ, చుట్టూ అగ్నిగుండంలో ముగ్గురు యువకులు, చేప నోట్లోంచి బయటపడుతున్న యోనా, అబ్రాహాము, ఇస్సాకు. తలెత్తితే కప్పు మధ్యలో కాపరి. మూడో శతాబ్దపు చిత్రం. ఎరుపు, ఆకుపచ్చ గీతల వలయాల మధ్య పొట్టి అంగీ తొడుక్కున్న కుర్రాడు, కాస్త పక్కకు వంగి నిలబడ్డాడు. గడ్డం లేదు, తల చుట్టూ కాంతివలయం లేదు. గైడ్ టార్చి వేసి చూపించాక గమనించాం, ఆయన భుజాల మీద ఉన్నది గొర్రె కాదు, మేక.

నేను ఎక్కువసేపు ఆగిపోయింది అక్కడే. మత్తయి 25వ అధ్యాయంలో చివరి తీర్పు వేళ గొర్రెలు కుడివైపు, మేకలు ఎడమవైపు, అంటే శిక్ష వైపు. ఎడమవైపు వాళ్ళకు ఏమవుతుందో సండే స్కూల్ పిల్లలకు కూడా తెలుసు. అలాంటిది, సమాధి గదిలో, తమ వాళ్ళను పూడ్చిపెట్టుకున్న చోట, కాపరి మేకను మోస్తున్నట్టు గీయించుకున్నారు. ఎందుకని గీశారో గీసినవాళ్ళు రాసిపెట్టలేదు. కాపరులు గొర్రెల్నీ మేకల్నీ కలిపి మేపుతారు కాబట్టి మామూలుగానే గీశారని అనుకోవచ్చు. రక్షణ అందరికీ అని చెప్పడానికే గీశారని గైడ్ అన్నారు. నా మనసు గైడ్ వైపే. ఆ కాలంలో ఇదేమీ చిన్న విషయం కాదు. బాప్తిస్మం తీసుకున్నాక ఘోరమైన పాపం చేసినవాళ్ళను సంఘం మళ్ళీ చేర్చుకోవచ్చా లేదా అన్నది మూడో శతాబ్దంలో పెద్ద గొడవ. ఉత్తర ఆఫ్రికాలోని కార్తేజ్‌కు చెందిన క్రైస్తవ రచయిత తెర్తుల్లియన్ చేర్చుకోకూడదన్న పక్షం. ప్రభువు బల్ల గిన్నెల మీద కాపరి బొమ్మ వేసుకుని దాన్ని క్షమాపణకు గుర్తుగా చూపించుకునేవాళ్ళను ఆయన గట్టిగానే తప్పుపట్టాడు. ఆ కోపం వల్లే మనకు ఒక సంగతి తెలిసింది: అప్పటి విశ్వాసులకు ఆ బొమ్మ అలంకారం కాదు, తప్పిపోయినవాణ్ణి కూడా దేవుడు మోసుకొస్తాడన్న నమ్మకం.

బసకు రోమ్‌లో సిస్టర్లు నడిపే గెస్ట్ హౌస్ ఎంచుకున్నాం. ఇలాంటివి అక్కడ చాలా ఉన్నాయి, ఏ సంఘం వాళ్ళైనా దిగొచ్చు. గది చిన్నది, టీవీ లేదు, మంచం, బల్ల, గోడకు సిలువ, అంతే. శుభ్రం మాత్రం ఒక్క మాట అనడానికి లేదు. రాత్రి గేటు వేసే సమయం ఖచ్చితంగా ఉంటుంది, ఆలస్యంగా తిరిగే అలవాటున్నవాళ్ళకు కుదరదు. పెద్దవాళ్ళతో వెళ్ళేవాళ్ళకు హోటల్ కంటే ఇదే మేలు. సరిగ్గా నడవలేని అమ్మను చూసి ఒక పెద్ద సిస్టర్ అడక్కుండానే గది కింది అంతస్తుకు మార్పించారు. ఇటలీలో చాలా ఊళ్ళలో గది అద్దెతో పాటు మనిషికి రాత్రికి ఇంత అని నగర పన్ను విడిగా కట్టాలి. దాన్ని చాలాచోట్ల నగదుగా అడుగుతారు, కాబట్టి చిల్లర యూరోలు దగ్గరుంచుకోండి.

ఇక వాటికన్ మ్యూజియం. టికెట్ మేం వెళ్ళినప్పుడు 20 యూరోలు, ఆన్‌లైన్ బుకింగ్‌కు మరో 5. మ్యూజియం సొంత వెబ్‌సైట్‌లోనే కొనండి. గోడ వెంబడి క్యూ దగ్గర మెడలో కార్డులు వేలాడేసుకుని లైన్ లేకుండా పంపిస్తామనేవాళ్ళు చాలామంది తిరుగుతుంటారు, వాళ్ళ మాట వినొద్దు. భుజాలు, మోకాళ్ళు కప్పి ఉండాలి. చీరకట్టుతో ఆ టెన్షన్ లేదు. నడవలేనివాళ్ళకు వీల్‌చైర్ ఉచితంగా ఇస్తారు, అమ్మకు తీసుకున్నాం.

జనమంతా సిస్టీన్ చాపెల్ వైపు నదిలా పోతుంటారు. మంచి కాపరి విగ్రహం, తొలి క్రైస్తవుల శిల్పాలు ఉన్న పియో క్రిస్టియానో విభాగం ప్రవేశద్వారానికి దగ్గరే అయినా అటు తిరిగేవాళ్ళు తక్కువ. ఆ విభాగాన్ని పోప్ తొమ్మిదో పయస్ 1854లో రోమ్‌లోనే లాటరన్ భవనంలో మొదలుపెట్టారు, తర్వాత వాటికన్‌కు తరలించారు. విగ్రహం ఎత్తు దాదాపు మీటరు, అంతే. బైబిలు క్యాలెండర్ల మీద చూసి ఆరడుగులు ఉంటుందనుకునే నాకు అంత చిన్నదిగా కనిపించడం ఆశ్చర్యమే. ఉంగరాల జుట్టు, పక్కన వేలాడే సంచి, మెడ చుట్టూ గొర్రె. నిజానికి అది మొదట విగ్రహం కాదు, రాతి శవపేటిక మీది శిల్పంలో ఒక ముక్క. పద్దెనిమిదో శతాబ్దంలో బాగుచేసినవాళ్ళు కాళ్ళు, ఇతర భాగాలు చేర్చి విడి విగ్రహంగా నిలబెట్టారు. గొర్రె తల కాపరి వైపు తిరిగి ఉంటుంది, ఆయన కళ్ళు మాత్రం దూరంగా ఎటో చూస్తుంటాయి. ఇంకా ఏదో గొర్రెను వెతుకుతున్నట్టు అనిపించిందని అమ్మ అంది.

భుజాన జంతువును మోసే మనిషి బొమ్మ క్రైస్తవులు కనిపెట్టింది కాదు. అంతకు ఎన్నో వందల ఏళ్ళ ముందే గ్రీకులు దేవతకు బలిగా పొట్టేలును మోసుకెళ్ళే మనిషిని చెక్కారు. ఆకారం అదే, మోసే దారి వేరు. అక్కడ జంతువు బలికి వెళ్తుంది, లూకా సువార్తలో ఇంటికి వస్తుంది. మంచి కాపరి గొర్రెల కోసం తన ప్రాణం పెడతాడు అన్న ప్రభువు మాటతో బలి ఎవరిదో కూడా మారిపోయింది. ఆ గదిలో ఈ సంగతి వివరించే బోర్డు ఉంటే ఎంత బాగుండేదో! ఆడియో గైడ్‌లో కూడా ఈ విభాగానికి ఇచ్చిన సమయం చాలా తక్కువనిపించింది.

పోప్ మెడ చుట్టూ వేసుకునే తెల్లటి ఉన్ని పట్టీని పాలియం అంటారు, దానికీ ఈ బొమ్మతోనే సంబంధం. భుజాన ఉన్న గొర్రెకు అది గుర్తు. ఏటా జనవరి 21న, ఆగ్నెస్ భక్తురాలి పండుగ రోజు, గొర్రెపిల్లల్ని ఆశీర్వదించే ఆచారం ఉంది. ఆ ఉన్ని పాలియాల నేతకు వెళ్తుంది.

రోమ్ నుంచి ఉత్తర ఇటలీలోని రవెన్నాకు బొలోన్యా దాకా హైస్పీడ్ రైలు, అక్కడ దిగి లోకల్ రైలు. లోకల్ రైలుకు కాగితం టికెట్ కొంటే ఎక్కేముందు ప్లాట్‌ఫాం మీది మెషీన్‌లో ముద్ర వేయించుకోవాలి, లేకపోతే జరిమానా. రవెన్నాలో దిగిన అపార్ట్‌మెంట్ మాత్రం నన్ను బాగా ఇబ్బంది పెట్టింది. తాళాల పెట్టె కోడ్ పంపుతామన్నవాళ్ళు ఫోన్ ఎత్తలేదు, అమ్మను సామాన్లతో వీధిలో నిలబెట్టాల్సి వచ్చింది. మంచి ఫొటోలు చూసి మోసపోకుండా, రిసెప్షన్‌లో మనిషి ఉండే చోటే తీసుకోండి.

ఊరు మాత్రం ఆ చిరాకంతా మరిపించింది. ఇక్కడి ఎనిమిది తొలి క్రైస్తవ కట్టడాలను 1996లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. వాటిలో గాల్లా ప్లాసిదియా సమాధి మందిరానికి టైమ్ స్లాట్ తీసుకోవాలి, లోపల ఐదు నిమిషాలే ఉండనిస్తారు. బయటికి అదొక మామూలు ఇటుకల కట్టడం. దీని పేరు గాల్లా ప్లాసిదియా అనే రోమన్ రాజకుటుంబపు ఆమెదే అయినా, ఆమె చనిపోయింది ఇక్కడ కాదు, 450లో రోమ్‌లో. లోపల కప్పంతా ముదురు నీలం మీద బంగారు నక్షత్రాలు, పల్చని అలబాస్టర్ రాతి కిటికీల్లోంచి వచ్చే పసుపు వెలుగు.

కాపరి చిత్రం మీరు వచ్చిన గుమ్మానికి పైనే ఉంటుంది, వెనక్కి తిరగకపోతే కనిపించదు. ఇది తెలియక చాలామంది ఐదు నిమిషాలూ ఎదుటి గోడనే చూసి వెళ్ళిపోతున్నారు. లోపలికి అడుగుపెట్టగానే వెనక్కి తిరగండి. బంగారు అంగీ, ఊదారంగు పైబట్ట, తల చుట్టూ కాంతివలయం, చేతికర్ర ఉండాల్సిన చోట బంగారు సిలువ. చుట్టూ ఆరు గొర్రెలు, అన్నీ ఆయన వైపే చూస్తున్నాయి. ఆయన బండ మీద కూర్చుని ఒక చేత్తో సిలువ పట్టుకుని, రెండో చెయ్యి చాచి పక్కనున్న గొర్రె మూతిని తాకుతున్నాడు. ఇంత అందమైన కాపరిని నేను మరెక్కడా చూడలేదు. ప్రిస్కిల్లా కుర్రాడికీ ఈయనకూ మధ్య రెండు వందల ఏళ్ళు కూడా లేవు, ఈలోపు రోమ్ చక్రవర్తులే క్రైస్తవులయ్యారు, కాపరి కూడా చక్రవర్తి బట్టలు కట్టాడు. భుజాల మీద ఎవరూ లేరు. అయినా ఆ చెయ్యి అలాగే ఉంది. చీకటిలోయలో నడిచేవాడికి ప్రిస్కిల్లా కాపరి కావాలి, పచ్చికలో పడుకున్నవాడికి ఈయన చాలు. నాకు కావలసింది మోసే ఆయనే.

సంత్ అపొల్లినారె నువొవో చర్చిలో ఎడమ గోడ మీద, బాగా పైన, మేకలు మళ్ళీ కనిపించాయి. ఆరో శతాబ్దపు తొలినాళ్ళ మొజాయిక్, అంటే చిన్న చిన్న రంగు ముక్కలు పొదిగి చేసిన చిత్రం. క్రీస్తు మధ్యలో కూర్చున్నాడు, గొర్రెల వెనక ఎర్రటి దేవదూత, మేకల వెనక నీలం దేవదూత. చాలా ఎత్తులో ఉంటుంది, బైనాక్యులర్స్ లేకపోతే ఫోన్ కెమెరాతో జూమ్ చేసుకోవాలి. మేకల ముఖాలు వికారంగా వేయలేదు, గొర్రెలంత శ్రద్ధగానే వేశారు. అమ్మ చాలాసేపు చూసి, "ఈ మేకల్లో ఒకదాన్నే కదా అక్కడ ఎత్తుకున్నాడు" అంది. తీర్పు ఉందన్నది నేను కాదనను, అది ప్రభువు నోటి మాటే. కానీ తీర్పు తీర్చేవాడు మేకను మోసినవాడే అన్నది రోమ్‌లో ఆ గది చూసి రాకపోతే నాకు తట్టేది కాదు. అందుకే ముందు రోమ్, తర్వాత రవెన్నా అన్న వరసలోనే వెళ్ళమంటాను.

క్లాస్సెలో ఉన్న సంత్ అపొల్లినారె బసిలికా ఊరికి కొన్ని కిలోమీటర్ల బయట, బస్సులో తేలిగ్గా వెళ్ళొచ్చు. దానికి టికెట్ వేరు. 549లో ప్రతిష్ఠించిన చర్చి, లోపల మెట్లు పెద్దగా ఎక్కే పనిలేదు, కూర్చుని చూడొచ్చు. అక్కడి మొజాయిక్‌లో పచ్చని మైదానంలో చేతులు చాచి ప్రార్థిస్తున్న బిషప్ అపొల్లినారిస్, ఆయనకు అటూ ఇటూ పన్నెండు గొర్రెలు. పాస్టర్లు ఎవరైనా ఈ దారిన వెళ్తే మిగతావి తగ్గించుకునైనా ఇక్కడ ఒక పూట గడపండి. సంఘాన్ని కాసే మనిషి చేతిలో కర్ర కూడా లేకుండా, ఉత్త చేతులతో దేవుణ్ణి అడుగుతూ నిలబడ్డాడు. తిరుగు బస్సు సమయం దిగేటప్పుడే బోర్డు చూసి రాసుకోండి, సాయంత్రం బస్సులు పలచబడతాయి.