సకినాలు నాలుగు కిలోలు, బిల్లు పది కిలోలకు

మాది హన్మకొండ. కాకతీయ యూనివర్సిటీలో నాతో చదివిన ముగ్గురు దోస్తుల్లో ఒకతి డాలస్‌లో, ఒకతి లండన్ దగ్గర రీడింగ్‌లో, ఇంకొకతి మెల్‌బోర్న్‌లో ఉంటున్నారు. ఎనిమిదేళ్ల నుంచి పండక్కో పుట్టినరోజుకో ఏదో ఒకటి పంపుతూనే ఉన్నాను. పోస్టు, కొరియర్, ఆన్‌లైన్ ఆర్డర్, అటు వెళ్లేవాళ్ల సూట్‌కేసు... నాలుగూ వాడాను, నాలుగింటితోనూ తిప్పలు పడ్డాను.

మొదట కొరియర్ సంగతి, ఎందుకంటే ఎక్కువ పైసలు పోయింది అక్కడే. మొదటి సంక్రాంతికి అమ్మ డాలస్ దానికోసం సకినాలు, గరిజెలు చేసింది. ఇంట్లో తూస్తే నాలుగు కిలోలు. ఏజెంటు ఫోన్లో కిలోకు 750 అన్నాడు కదా, మూడు వేలతో అయిపోతుందని పోయాను. అక్కడి పిల్లగాడు అన్నీ ఒక పెద్ద అట్టపెట్టెలో సర్ది, టేపు తీసి కొలవడం మొదలుపెట్టాడు. పొడవు 40, వెడల్పు 40, ఎత్తు 30 సెంటీమీటర్లు. మూడూ గుణించి 5000తో భాగిస్తే 9.6, దాన్ని పదికి తెచ్చాడు. మొత్తం 7,500, పైన జీఎస్టీ. ఇదేందయ్యా అంటే, "విమానంలో బరువుకు కాదక్కా, జాగాకు పైసలు" అన్నాడు. వాడి తప్పేం లేదు, కొరియర్లన్నీ లెక్కేసేది అట్లానే, అసలు బరువు, ఈ కొలతల బరువు, రెండింట్లో ఏది ఎక్కువైతే దానికే బిల్లు. కానీ ఆ ముక్క ఫోన్లోనే చెప్పొచ్చు కదా!

ఇంత పోసి పంపితే అక్కడికి చేరింది సకినాలు కాదు, సకినాల పొడి. సకినం సంగతి తెలిసిందే కదా, బియ్యప్పిండి చుట్టలు, గట్టిగా పట్టుకుంటేనే విరుగుతాయి. అది గిన్నెలో పోసుకుని చెంచాతో తిన్నానని ఫొటో పంపింది. నవ్వాలో ఏడవాలో తెలియలేదు.

రెండు మూడేళ్లు ఇట్లా దెబ్బలు తిన్నాక అమ్మే ఒక ఉపాయం కనిపెట్టింది. సకినం సైజుకు సరిపోయే గుండ్రటి ప్లాస్టిక్ డబ్బా తీసుకుని, ఒకదానిమీద ఒకటి పేర్చి, ఐదింటికి ఒక టిష్యూ వేసి, పక్కన ఖాళీ ఉన్నచోటల్లా మరమరాలు పోసి, మూత పెట్టి ఊపి చూస్తుంది. లోపల చప్పుడైతే ఇంకో పిడికెడు. మరమరాలకు బరువుండదు, కదలనివ్వవు, అక్కడ వాటినీ తినొచ్చు. డబ్బాలు పట్టేంత పెట్టెనే వెతుకుతాను, 25, 25, 20 అయితే రెండున్నర కిలోల లెక్కే. దర్జీ టేపు ఇప్పుడు నా హ్యాండ్‌బ్యాగులోనే ఉంటుంది.

తిండి పంపేవాళ్లకు ఒక మాట. అమెరికాకు పంపే తిండికి వాళ్ల ఎఫ్‌డీఏకు (తిండి, మందుల మీద నిఘా పెట్టే సర్కారు సంస్థ) ముందే నోటీసు ఇవ్వాలి, ఇంట్లో మనమే చేసి మనవాళ్లకు గిఫ్టుగా పంపేదానికి మాత్రం అక్కర్లేదు. స్వీటు షాపులో కొన్నదానికి ఈ మినహాయింపు లేదు. నాటుకోడి పచ్చడి లాంటివి వద్దే వద్దు. ఆస్ట్రేలియా వాళ్లు తిండి, గింజలు, కట్టెతో చేసినవి మరీ గట్టిగా చూస్తారు, అందుకే మెల్‌బోర్న్ దానికి తిండి బంద్ చేసి పెంబర్తి ఇత్తడి పంపుతున్నాను.

డబ్బు పోతే పోయింది అనుకోవచ్చు, రీడింగ్ దానికి జరిగింది మాత్రం ఇప్పటికీ మనసులో గుచ్చుకుంటుంది. కొత్త ఇల్లు కొనుక్కుందని కొత్తవాడలో నేసిన దర్రీ, అదే జంపఖానా, పంపాను (వరంగల్ దర్రీలకు 2018లో జీఐ గుర్తింపు, అంటే ఇది ఈ ఊరి సరుకే అన్న ముద్ర, వచ్చింది, ఊరికే గొప్పకు చెప్తున్నా). ఫారంలో ధర ఉన్నదున్నట్టు 6,500 రాశాను. బ్రిటన్‌లో గిఫ్టు విలువ 39 పౌండ్లు దాటితే పన్ను పడుతుందని నాకేం తెలుసు? 20 శాతం వ్యాట్, అదీ వస్తువు మీదే కాదు, పంపిన ఖర్చు మీద కూడా, పైన కొరియర్ వాళ్ల చార్జీ వేరే. అది నోరు మూసుకుని కట్టేసి, "దర్రీ మస్తుందే" అని ఫొటో పెట్టింది. అసలు సంగతి రెండు నెలలకు వాళ్లాయన నోరు జారితే తెలిసింది. గిఫ్టు పంపి దోస్తు జేబుకు చిల్లు పెట్టినట్టైంది. ధర తక్కువ రాయమనే ఏజెంట్లు ఉన్నారు, నేను రాయను, పార్సిల్ పోతే అప్పుడు ఏం అడుగుతాం? ఒకే పెట్టెలో దానికి, వాళ్లాయనకు, పాపకు వేర్వేరుగా చుట్టి, పేర్లు రాసి, ఫారంలో విడివిడిగా చూపిస్తే ఒక్కొక్కరికి 39 పౌండ్ల లెక్క వర్తిస్తుంది. ఇప్పుడు అదే చేస్తున్నాను.

పోస్టు నాకు నచ్చింది. నేను పంపినన్నాళ్లూ తూకాన్ని బట్టే తీసుకున్నారు, ఆధార్ జిరాక్సు, కస్టమ్స్ ఫారం నింపడం, గంట లైను, అంతే. అయితే అమెరికా వాళ్లు 800 డాలర్ల దాకా ఉన్న సుంకం మినహాయింపును 2025 ఆగస్టు 29 నుంచి ఎత్తేయడంతో మన పోస్టు అటువైపు బుకింగులు ఆపేసింది. సరిగ్గా బతుకమ్మ ముందు! డాలస్ దానికోసం కొన్న చీర బీరువాలోనే ఉండిపోయింది. అక్టోబర్ 15న మళ్లీ మొదలుపెట్టారు కానీ, అప్పట్లో విలువలో 50 శాతం సుంకం ఇక్కడే ముందు కట్టాలన్నారు. పోస్టు ఖర్చు వేరే. ఎంతైతేనేం, అక్కడ దాన్ని ఎవరూ పైసలు అడగరు కదా, అదొక్కటి నాకు నచ్చింది. పంపే ముందు మాత్రం ఆ రోజు రేటు కౌంటర్లో అడగండి.

చీర చివరికి పక్కింటాయన కొడుకు దగ్గరికి పోతుంటే ఆయన సూట్‌కేసులో పోయింది. ఇది అన్నింటికన్నా చవక, అన్నింటికన్నా మొహమాటం. ఆరు నెలలు ఆ ఇంటివాళ్లకు ఏ పని పడ్డా మనమే చేయాలి.

పుస్తకం, బొమ్మ, పూలు లాంటివైతే అక్కడి సైటులోనే ఆర్డర్ పెట్టేస్తున్నాను. కార్డులో విదేశీ చెల్లింపులు ఆన్ చేసుకోకపోతే మొదటిసారి ఫెయిలవుతుంది, నాది అయింది. నా బ్యాంకు మూడున్నర శాతం, దానిమీద జీఎస్టీ పట్టుకుంటుంది. అయినా పర్లేదు, రెండ్రోజుల్లో చేరుతుంది, పన్ను గొడవ లేదు. అక్కడ దొరికేదాన్ని ఇక్కడినుంచి పంపడం శుద్ధ దండగ.

సకినాలు మాత్రం ఈ సంక్రాంతికీ పోయాయి. విరిగినవి నాలుగేనట. డాలస్ దాని కొడుకు డబ్బా తెరిచి ముందు మరమరాలే తిన్నాడట, అమ్మమ్మను ఈసారి అవి ఇంకాస్త ఎక్కువ పొయ్యమని వాయిస్ మెసేజ్ పెట్టాడు.